ముస్తాబైన పాత ట్రాక్టర్లను చూడాలంటే: ఓరుగల్లు చుట్టూ రెండు రోజుల దారి

బతుకమ్మ మొదలైందంటే చాలు, ఒకటే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. "వరంగల్ పల్లెల్లో పాత ట్రాక్టర్లను పూలతో, రంగులతో ముస్తాబు చేస్తారట కదా, ఎక్కడికి పోతే కనిపిస్తాయి?" ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకంటే అంతా ఒకచోట రాస్తే మేలనిపించింది.

ముందుగా ఒక మాట. దీనికి గేటు, టికెట్టు, దారి చూపే బోర్డు ఏవీ లేవు. ట్రాక్టర్లు ఎవరి వాకిట్లో వాళ్లకు ఉంటాయి. తేదీ సరిగ్గా కుదిరి, పొద్దున్నే ఊళ్లోకి చేరితే ఒక్క పూటలోనే ఇరవై ముప్పై బండ్లు కనిపిస్తాయి. తేదీ తప్పితే రెండు వందల కిలోమీటర్లు తిరిగినా వాడిన దండలే మిగులుతాయి. మొదటిసారి నాకు అదే జరిగింది. దసరా అయిన మూడో రోజు బయల్దేరాను. బండ్లన్నీ చేన్లకు పోయాయి, సైలెన్సర్లకు ఎండిన బంతిపూల దారాలు మాత్రం వేలాడుతున్నాయి. మీకు ఆ తిప్పలు వద్దు.

కావాల్సినవి

- బైకు లేదా చిన్న కారు. బైకైతే మేలు. పల్లె సందుల్లో ట్రాక్టర్ ఎదురొస్తే కారు వెనక్కి తీయడం కష్టం.
- పంక్చర్ కిట్, రెండు లీటర్ల నీళ్లు, కళ్లద్దాలు. పత్తి చేన్ల మధ్య మట్టి రోడ్లలో దుమ్ము బాగా లేస్తుంది.
- ఇంటి నుంచి టిఫిన్. పండుగ రోజు మండల కేంద్రాల్లో కూడా చాలా హోటళ్లు మూసేస్తారు. సర్వపిండి చేయించుకుని పోతే మధ్యాహ్నం దాకా ఆకలి ఉండదు.
- నాలుగైదు మూరల బంతిపూల దండ, రెండు కొబ్బరికాయలు. ఎందుకో కింద చెబుతాను.
- చిన్న నోటుబుక్కు, పెన్ను. సిగ్నల్ అందని ఊళ్లుంటాయి, ఫోన్‌నే నమ్ముకోవద్దు.
- చిల్లర డబ్బులు.

1. తేదీ ముందు, దారి తర్వాత

ముస్తాబు రెండు రకాలని గుర్తుపెట్టుకోండి. పూల ముస్తాబు ఒక్క రోజుది. రంగుల ముస్తాబు ఏడాది పొడుగునా ఉంటుంది. మీకు ఏది కావాలో దాన్నిబట్టి రోజు ఎంచుకోవాలి.

పూలు, మామిడాకులు, కుంకుమ బొట్లు, గుమ్మడికాయ, నిమ్మకాయలు ఇవన్నీ చూడాలంటే దసరాను మించిన రోజు లేదు. ఆ రోజు ఆయుధ పూజ. నాగలి నుంచి స్ప్రే పంపు దాకా ఇంట్లో ఉన్న పనిముట్లన్నీ కడిగి బొట్టు పెడతారు, ట్రాక్టర్‌కు మాత్రం పెళ్లికొడుకు మర్యాద.

దసరాకు వీలుకాకపోతే సంక్రాంతి. ఐనవోలు మల్లన్న జాతర సంక్రాంతికి మొదలై ఉగాది దాకా సాగుతుంది. మనవాళ్లు ఐలోని అనే ఊరు అదే. ఆ రోజుల్లో ట్రాక్టర్లు ట్రాలీ నిండా కుటుంబాలతో వస్తాయి. తిరిగి పోయేటప్పుడు బానెట్ నుంచి స్టీరింగ్ దాకా బండారి (గుళ్లో చల్లే పసుపు) అంటుకుని పసుపు పచ్చగా ఉంటాయి. అంత అందమైన ముస్తాబు పెయింటర్ వేసినా రాదు. సంక్రాంతికే భీమదేవరపల్లి మండలంలోని కొత్తకొండ వీరభద్రస్వామి జాతర కూడా. అక్కడ స్వామికి కోరమీసాలు, గుమ్మడికాయలు మొక్కుగా ఇస్తారు. ఎడ్ల బండ్లకు పేరున్న జాతర అది. ఎద్దులు తగ్గిన ఇళ్లవాళ్లు ఇప్పుడు ట్రాక్టర్‌నే సింగారించుకుని వస్తున్నారు. ఎడ్ల బండి, ట్రాక్టర్ పక్కపక్కనే ముస్తాబై నిలబడటం చూడాలంటే అక్కడికే పోవాలి.

మేడారం గురించి చాలామంది అడుగుతారు. జాతర రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి రోజుల్లో వస్తుంది. 2024, 2026లో అయింది, తర్వాతిది 2028లో. ట్రాలీ మీద వెదురు బద్దలు వంచి, తాడిపత్రి (టార్పాలిన్) కప్పి, లోపల గడ్డి పరిచి, కోళ్లతో, బెల్లంతో బయల్దేరే బండ్లు చూడముచ్చటగా ఉంటాయి. కానీ ఆ నాలుగు రోజులు పోలీసులు పోయే దారి, వచ్చే దారి వేరు చేస్తారు. ఆగి ఫొటో తీసుకుందామంటే కుదరదు. జాతరకు వారం పది రోజుల ముందు ములుగు దారిలో పొద్దున పూట చూడండి. ముందుగా మొక్కు తీర్చుకోవడానికి పోయేవాళ్లు కనిపిస్తారు, రద్దీ కొంత తక్కువ.

2. వారం ముందు మెకానిక్ షెడ్డుకు పోండి

ఎక్కువమంది వదిలేసే మెట్టు ఇదే. నా మట్టుకు అన్నిటికంటే ముఖ్యమైనది కూడా ఇదే.

వర్ధన్నపేట, నర్సంపేట, పరకాల, ములుగు, ఏ మండల కేంద్రంలో చూసినా ట్రాక్టర్ మెకానిక్ షెడ్లు ఉంటాయి. ఆ చుట్టుపక్కల ఏ ఊళ్లో ఎవరి దగ్గర పాత ఫోర్డ్ ఉంది, ఎవరి మెస్సీ ఫెర్గూసన్ ఇంకా నడుస్తోంది, ఎవరిది కొట్టం కింద పడి ఉంది అన్నీ ఆ షెడ్డు మెకానిక్‌కు నోటిమీద ఉంటాయి. దసరాకు ముందు వారం షెడ్లు బిజీ. పొద్దున తొమ్మిది లోపు పోండి. చాయ్ తాగుతూ ఇలా అడగండి: "అన్నా, ఈ చుట్టుపక్కల పాత బండ్లు మంచిగ తయారు చేసేటోళ్లు ఎవరున్నరు?" రెండు మూడు ఊళ్ల పేర్లు దొరికితే చాలు. మిగతావి ఆ ఊళ్లలోనే తెలుస్తాయి.

మెకానిక్ దొరకకపోతే ట్రాలీల మీద పేర్లు రాసే పెయింటర్‌ను, రేడియం స్టిక్కర్లు కోసే షాపును అడగండి. వాళ్లు పాత బండి అని కాకుండా "బాగా రాయించుకున్న బండి" అని గుర్తుపెట్టుకుంటారు. అదీ మీకు పనికొస్తుంది.

3. దారి ఇలా వేసుకోండి

మొదటి రోజు, అంటే దసరా నాడు, దక్షిణం వైపు. వరంగల్ నుంచి ఖమ్మం రోడ్డు పట్టుకుని మామునూరు దాటి, పున్నేలు దగ్గర తిరిగి ఐనవోలు. అక్కడి నుంచి మళ్లీ మెయిన్ రోడ్డెక్కి వర్ధన్నపేట, తర్వాత పర్వతగిరి, నెక్కొండ మీదుగా నర్సంపేట. నర్సంపేట నుంచి గీసుగొండ దారిలో వరంగల్‌కు వాపసు. ఊళ్లలోకి మళ్లి తిరిగేదంతా కలుపుకుంటే నూట యాభై కిలోమీటర్ల దాకా అవుతుంది.

రెండో రోజు ఉత్తరం వైపు. హనుమకొండ, ఆత్మకూరు, ములుగు, జంగాలపల్లి దగ్గర ఎడమకు తిరిగి వెంకటాపూర్ మీదుగా పాలంపేట. రామప్ప గుడి ఎలాగూ దారిలోనే. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో జాబితాకెక్కింది, ఒక గంట ఇవ్వండి. తర్వాత గణపురం కోటగుళ్లు, రేగొండ, పరకాల, హనుమకొండ. ఈ రోజు పూల ముస్తాబు సగం వాడిపోయి ఉంటుంది కాబట్టి రంగుల మీద, రాతల మీద దృష్టి పెట్టండి. ట్రాలీ వెనక డబ్బా మీద చేత్తో గీసిన ఎడ్ల జత, నెమళ్లు, "రైతే రాజు", పిల్లల పేర్లు, ఇంటి దేవుడి పేరు. రేడియం స్టిక్కర్లు వచ్చాక కుంచెతో రాసినవి తగ్గిపోతున్నాయి. దొరికినవాటిని ఓపికగా చూడండి.

సంక్రాంతికి పోయేవాళ్లు ఈ దారులు వదిలేసి హనుమకొండ, ఎల్కతుర్తి, ముల్కనూరు, కొత్తకొండ పట్టుకోండి. రెండో రోజు ఐనవోలు.

మెయిన్ రోడ్డు మీద వెతకడమే చాలామంది చేసే తప్పు. మెయిన్ రోడ్డు మీద కనిపించేవి ఎక్కువగా కొత్త బండ్లు. పాతవాటిని యజమానులు దూరం తోలరు. ప్రతి ఇరవై కిలోమీటర్లకు ఒకసారి లోపలి ఊళ్లోకి తిరిగి, చెరువు కట్ట దాకా పోయి రండి.

4. పండుగ రోజు వేళలు

పొద్దున ఆరు నుంచి ఎనిమిది: బండ్లు కడిగే సమయం. బోరు మోటరు దగ్గర, చెరువు మత్తడి (అలుగు) దగ్గర కనిపిస్తాయి. పాత బండి అసలు రంగు బయటపడేది అప్పుడే.

ఎనిమిది నుంచి పదకొండు: ముస్తాబు, పూజ. మీరు ఊళ్లో ఉండాల్సింది ఈ మూడు గంటలే.

మధ్యాహ్నం: భోజనాలు, చుట్టాలు. ఎవరినీ ఇబ్బంది పెట్టకండి. మీరూ చెట్టు కింద తినేయండి.

సాయంత్రం: ఊరంతా జమ్మి దగ్గరకు పోతుంది. బండ్లు వాకిట్లోనే ఉంటాయి, ఎండ ఏటవాలుగా పడి రంగులు బాగా కనిపిస్తాయి. కానీ ఐదున్నరకల్లా తిరుగు దారి పట్టండి. పండుగ పూట తాగి బండి తోలేవాళ్లు ఉంటారు. ఆ మాట మీకు చెప్పకుండా దాచడం మంచిది కాదు.

వర్ధన్నపేట దాటాక ఒక ఊళ్లో పాత నీలం ఫోర్డ్‌కు పూజ మొదటి నుంచి చివరి దాకా చూశాను. మనవడు న్యూస్‌పేపరు తడిపి హెడ్‌లైట్ల అద్దాలు రుద్దుతున్నాడు. రంగు ఇంట్లోనే కుంచెతో వేసుకున్నారు, బానెట్ మీద రెండు కుంచె వెంట్రుకలు రంగులోనే అతుక్కుపోయి ఉన్నాయి. పెద్దాయన మొదటి బొట్టు స్టీరింగ్‌కు పెట్టాడు. చేతులు పట్టీ పట్టీ ఆ స్టీరింగ్ నల్లటి పైపొర అరిగి లోపలి ఇనుము తేలింది, సరిగ్గా ఆ ఇనుము మీదే. తర్వాత రెండు లైట్లకు, టూల్ డబ్బాకు, చివరికి వెనకాల నాగలి కొక్కేనికి. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, బండిని మూరెడు ముందుకు కదిపితే టప్పుమని పగిలాయి. ఇంజన్ ఆపలేదు, ఇంట్లోవాళ్లంతా వచ్చి దండం పెట్టేదాకా అలాగే నడిచింది.

5. అడిగి తీయండి

పూజ అవుతుండగా నేరుగా ఫోన్ పట్టుకుని లోపలికి పోవద్దు. వాకిలి బయట నిలబడండి. పెద్దాయనైతే "బాపూ", మీ ఈడువాళ్లయితే "అన్నా", ఆడవాళ్లయితే "అక్కా", "అవ్వా". "బాపూ, బండి మంచిగ తయారు జేసిన్రు. జర ఒక్క ఫొటో తీసుకుందునా?" అంటే కాదనేవాళ్లు అరుదు. కాదంటే "సరే బాపూ" అని కదలండి, రెండోసారి అడగకండి.

ముందు చెప్పిన బంతిదండ, కొబ్బరికాయ ఇక్కడే పనికొస్తాయి. పూజ దగ్గరికి ఉత్త చేతులతో పోవడం బాగుండదు. దండ ఇస్తే వాళ్లే బండికి కడతారు. డబ్బులు మాత్రం చేతిలో పెట్టకండి, చిన్నబుచ్చుకుంటారు.

"ఇది ఎవరి కాలంలో కొన్నరు?" అని అడగండి. "ఎంతకు కొన్నరు?" అని మొదలుపెడితే మిమ్మల్ని బేరగాడనుకుంటారు. పాత బండ్లు కొనడానికి తిరిగేవాళ్లు ఉన్నారు కాబట్టి ఆ అనుమానం రావడం న్యాయమే.

6. నిజంగా పాతదేనా అని చూడటం

కొత్త రంగు వేస్తే పదేళ్ల బండి, నలభై ఏళ్ల బండి ఒకేలా కనిపిస్తాయి. ఇలా చూసుకోండి.

నంబరు ప్లేటుతో మొదలుపెట్టండి. టీజీ అని ఉంటే 2024 మార్చి తర్వాతది. టీఎస్ అయితే 2014 జూన్ తర్వాతది. ఏపీ 36 అంటే ఉమ్మడి రాష్ట్రం నాటి వరంగల్ బండి, ఏపీ 15 అంటే కరీంనగర్‌ది. ఇలా రాష్ట్రం, జిల్లా వారీగా నంబర్లు 1989లో వచ్చాయి. అంతకుముందు మూడు అక్షరాలు, నాలుగు అంకెలు ఉండేవి. ఆ పాత ప్లేటుతో బండి కనిపిస్తే అక్కడ అరగంట ఆగండి.

ప్లేటు లేకపోతే కంపెనీ చూడండి. హెచ్ఎంటీ 1971లో చెకోస్లోవేకియా కంపెనీ జెటార్ సహకారంతో ట్రాక్టర్లు మొదలుపెట్టింది. ఇప్పుడు ఆ తయారీ లేదు కాబట్టి ఏ హెచ్ఎంటీ కనిపించినా పాతదే. 2511 మోడల్‌కు రెండే సిలిండర్లు. శబ్దం విడివిడిగా, లెక్కపెట్టవచ్చేమో అన్నట్టు వినిపిస్తుంది. పాత చిన్న ఐషర్‌కు ఒక్కటే సిలిండర్, గాలితోనే చల్లబడుతుంది. ముందు రేడియేటర్ కనిపించకపోతే అదే అయ్యుండొచ్చు. మన దేశంలో మొదట తయారైన ట్రాక్టర్ కూడా ఐషర్‌దే, 1959లో. ఫోర్డ్ పేరు బానెట్ పక్కన రేకు అక్షరాలతో ఉంటుంది. ఒకటి రెండు అక్షరాలు ఊడినా, ఊడిన చోట కన్నాలు మిగులుతాయి.

మెస్సీ 1035 దగ్గర ఎక్కువమంది పొరబడతారు. ఆ పేరుతో బండ్లు చాలా ఏళ్లు వచ్చాయి కాబట్టి పేరు చూసి వయసు చెప్పలేం. యజమానిని అడగడమే దారి. ఆర్సీ చూపించమని మాత్రం అడగకండి. వాళ్లంతట వాళ్లు తెచ్చి చూపిస్తే సంతోషం.

7. బండి దగ్గర జాగ్రత్తలు

పాత బండ్లలో చాలావాటికి బ్యాటరీ, సెల్ఫ్ సరిగ్గా పనిచేయవు. అందుకని డౌన్‌లో నిలిపి, టైరు కింద రాయి పెడతారు. రాయి తీసి వదిలితే దొర్లుతూ స్టార్ట్ అవుతుంది. అలా వాలులో నిలిపిన బండి ముందు నిలబడకండి, మీ బైకు పెట్టకండి, పిల్లల్ని నిలబెట్టి ఫొటో తీయకండి. ఫొటోకు అడ్డంగా ఉందని ఆ రాయిని అసలే కదపొద్దు.

ఇంజన్ నడుస్తుంటే చున్నీ, కండువా, విప్పిన జుట్టు ఫ్యాన్ బెల్టుకు, వెనక తిరిగే షాఫ్ట్‌కు దూరంగా ఉండాలి. సైలెన్సర్ ఇంజన్ ఆపాక కూడా చాలాసేపు కాలుతుంది. మడ్‌గార్డు మీద కూర్చుని ఊరంతా తిరుగుదామని పిలుస్తారు, ప్రేమతోనే పిలుస్తారు. వద్దనండి. గుంతలో పడితే జారేది టైరు కిందికే.

8. రోడ్డు మీద

దసరా నాడు చౌరస్తాల్లో గుమ్మడికాయలు కొడతారు. కుంకుమ కలిసిన ఆ గుజ్జు మీద బైకు సర్రున జారుతుంది. చౌరస్తా రాగానే వేగం తగ్గించి, ఎర్రగా ఉన్న చోటు తప్పించండి.

దసరా ఆలస్యంగా వచ్చిన ఏడు, లేదా మీరు నవంబరులో పోతే, రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉంటాయి. చుట్టూ రాళ్లు పెడతారు, రాత్రి నల్ల పట్టా కప్పుతారు. చీకట్లో రాళ్లూ కనపడవు, పట్టా కూడా కనపడదు. వడ్ల మీద బ్రేకు వేస్తే బండి నిలవదు. పాత ట్రాలీల్లో చాలావాటికి వెనక లైట్లు ఉండవు. ఈ రెండు కారణాలకు రాత్రి ప్రయాణం పెట్టుకోవద్దు. వర్షం ఆగిన మర్నాడైతే కేజ్ వీల్స్ (బురద పొలంలో వాడే ఇనుప చక్రాలు)తో పొలం దిగిన బండ్లు రోడ్డు మీద వదిలిన బురద కూడా చూసుకోవాలి.

9. రాత్రికి ఒకసారి సరిచూసుకోండి

బస చేరగానే నోటుబుక్కు, ఫోటోలు పక్కపక్కన పెట్టుకుని చూడండి. ప్రతి బండికీ మూడు ఉండాలి: బండి మొత్తం కనిపించే ఫొటో ఒకటి, ముస్తాబు దగ్గరగా ఒకటి, ఊరు పేరు. మూడోది లేకపోతే నెల తర్వాత ఆ ఫొటో ఎక్కడిదో మీకే తెలియదు. అన్ని ఫొటోల్లో బానెట్ తెల్లగా మెరిసిపోయి కనిపిస్తుంటే మీరు మధ్యాహ్నం ఎండలో ఎక్కువ తీశారని అర్థం. మర్నాడు పది లోపు ముగించండి. ఫొటోల్లో సగం కొత్త బండ్లే ఉంటే మెయిన్ రోడ్డు వదల్లేదని అర్థం. ఎవరి ఇల్లు, ఎవరి నంబరు ప్లేటు అన్నది కనిపించే ఫొటోలు వాళ్లనడగకుండా నలుగురికీ పంపొద్దు.

వచ్చాక ప్రతి ఇంటికీ ఒక ఫొటో ప్రింటు తీయించండి. వాట్సాప్‌లో పంపితే చూసి ఊరుకుంటారు, ప్రింటయితే గోడకెక్కుతుంది. పోస్టులో కాకుండా మొదట మీకు దారి చూపిన మెకానిక్ షెడ్డులో కవరు పెట్టి, పైన ఊరు పేరు రాసి ఇవ్వండి. ఆ బండి రిపేరుకు వచ్చిన రోజు ఆయనే అందిస్తాడు. నేను అలా ఇచ్చిన ఫోర్డ్ ఫొటో సంక్రాంతికి ఐలోనిలో కనిపించింది. పెద్దాయన దానికి లామినేషన్ చేయించి, టూల్ డబ్బా మూతకు లోపలి వైపు అంటించుకున్నాడు.